అయిదుగురు బిడ్డల తల్లి, ఎందరో ఆడపిల్లలకు అమ్మ



పునీతులు అనగానే మీకు ఎవరు గుర్తుకువస్తారు? గుడిలో పీఠానికి అటూ ఇటూ గూళ్ళలో నిలబడిన స్వరూపాలే కదా! చేతిలో లిల్లీపువ్వుతో అంతోనివారు, గులాబీలతో చిన్న తెరెసమ్మగారు, బాణాలు తగిలిన సెబాస్తియన్‌వారు. వారిలో ఎక్కువమంది గురువులు, మఠవాసులు, కన్యస్త్రీలు, వేదసాక్షులు. అందువల్ల మనలో చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. పరిశుద్ధత వారి వంతు, సంసారం మన వంతు అని. తెల్లవారితే పొయ్యి, పిల్లలు, పశువులు, చేను, తీరని బాకీలు, అత్తాకోడళ్ళ మాటా మాటా. వీటి మధ్య పరిశుద్ధతకు చోటెక్కడ అని నిట్టూర్చే తల్లులు ప్రతి విచారణలోనూ ఉన్నారు. పెద్దమందడిలో ఉన్నారు, వనపర్తిలో ఉన్నారు, గద్వాలలో, నాగర్‌కర్నూలులో కూడా ఉన్నారు.

ఆ నిట్టూర్పుకు జవాబు చెప్పే ఒక జీవితాన్ని ఈ వారం మీ ముందు ఉంచుతున్నాం. ఆమె ఏ రోమునగరంలోనో, ఏ ఫ్రాన్సు దేశంలోనో పుట్టలేదు. మన తెలుగు గడ్డమీద పుట్టింది. మన భాషే మాట్లాడింది. పెండ్లి చేసుకుంది, అయిదుగురు కొడుకులను కన్నది, భర్తను పోగొట్టుకుంది. ఆ సంసారం గుండానే నడిచి దేవుని దగ్గరకు చేరింది. ఆమె పేరు జ్ఞానమ్మ. 2014లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా గుర్తించింది.

ఇంట్లో నిలిచిన విశ్వాసం

జ్ఞానమ్మగారు 1822లో ఫిరంగిపురంలో జన్మించారు. గుంటూరు జిల్లాలో కొండవీటి కొండల చెంతనున్న గ్రామం అది. అక్కడి కతోలిక విశ్వాసానికి చాలా పాత చరిత్ర ఉంది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి దేశపు యేసుసభ గురువులు కర్ణాటక మిషను పేరుతో తెలుగు సీమలో సువార్త ప్రకటించారు. పుంగనూరు, అనంతపురం ప్రాంతంలోని మద్దిగుబ్బ వంటి ఊళ్ళలో తొలి తెలుగు కతోలిక కుటుంబాలు ఏర్పడ్డాయి. కరవులూ యుద్ధాలూ వచ్చినప్పుడు ఆ కుటుంబాల్లో కొన్ని మూటాముల్లె సర్దుకొని తూర్పు దిక్కుగా కృష్ణా, గుంటూరు సీమలకు వలస వెళ్ళాయి. పొలాలు వదిలేశాయి, ఇళ్ళు వదిలేశాయి గాని విశ్వాసాన్ని మాత్రం వదలలేదు.

ఆ తర్వాత మరొక పెద్ద దెబ్బ తగిలింది. 1773లో యేసుసభ రద్దయింది. గురువులు కరువయ్యారు. విస్తారమైన తెలుగు ప్రాంతానికి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది గురువులు మిగిలారు. నెలల తరబడి దివ్యబలిపూజ లేని ఊళ్ళు ఎన్నో! మరి విశ్వాసం ఎలా బ్రతికింది? ఇళ్ళలో బ్రతికింది. సాయంకాలం దీపం పెట్టి కుటుంబమంతా జపమాల చెప్పుకున్నారు. తల్లులు పిల్లలకు జపాలు నోటితో నేర్పారు. ఉపదేశులు ఆదివారం జనాన్ని సమకూర్చి ప్రార్థన నడిపారు. గురువు వచ్చేదాకా మంటను ఆరిపోనివ్వకుండా కాపాడింది గృహస్థులే.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, జ్ఞానమ్మగారిని తయారుచేసిన బడి అదే. ఆమెకు విశ్వాసం ఇంటిలో తల్లిదండ్రుల నోటినుండి అందింది. మన పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే బాధ్యత అంతా ఫాదరుగారిదీ సిస్టర్లదీ అని మనం అనుకుంటున్నామే, ఆ తరంవారికి అలా అనుకొనే అవకాశమే లేదు. ఒక్కసారి ఆలోచించండి. ఆరు నెలలు మీ ఊరికి గురువు రాకపోతే, మీ ఇంట్లో విశ్వాసం నిలుస్తుందా?

నందన కరువు చూసిన కళ్ళు

జ్ఞానమ్మగారికి సుమారు పదేళ్ళ ప్రాయంలో గుంటూరు సీమను మహా ఘోరమైన కరువు కబళించింది. 1832, 1833 సంవత్సరాల్లో వచ్చిన ఆ కరువును నందననామ సంవత్సరం పేరుమీద నందన కరువు అన్నారు. సుమారు అయిదు లక్షల మంది జనం ఉన్న ఆ ప్రాంతంలో లక్షన్నర మంది దాకా చనిపోయారని అంచనా. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. తిండి దొరుకుతుందన్న ఆశతో మదరాసు దారి పట్టినవారిలో ఎందరో ఆ దారిలోనే కూలిపోయారు. కృష్ణానదికి ఆనకట్ట అప్పటికి లేదు. బెజవాడ దగ్గర ఆ కట్టడం పూర్తయింది 1855లో. అంటే నది ప్రక్కనే పారుతున్నా, వాన లేకపోతే పంట లేని కాలం.

పదేళ్ళ పిల్ల మనసులో అటువంటి సంవత్సరాలు ముద్ర వేయకుండా ఉంటాయా? ఆకలి అంటే పుస్తకంలో మాట కాదు ఆ తరానికి. అనాథ అంటే ప్రక్కింటి బిడ్డే. కరుణ అన్నది గుడిలో వినే ప్రసంగంలో పుట్టదు. తన ముందున్న మనిషి కష్టాన్ని చూసి ముఖం త్రిప్పుకోకుండా నిలబడటంలో పుడుతుంది. పాలమూరు ప్రాంతపు పాఠకులకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, గుడిసెకు తాళం వేసి, ముసలి తల్లిదండ్రుల దగ్గర పిల్లలను విడిచి దూరదేశాల్లో కాలువలు త్రవ్వడానికి వెళ్ళిన కుటుంబాల కథలు ఇక్కడ ప్రతి వాడలోనూ ఉన్నాయి.

భార్యగా, తల్లిగా

ఆ కాలపు ఆచారం ప్రకారం జ్ఞానమ్మగారికి చిన్న వయసులోనే వివాహం జరిగింది. భర్త పేరు ఇన్నయ్యగారు. ఆ దంపతులకు దేవుడు అయిదుగురు కుమారులను ప్రసాదించాడు.

అయిదుగురు మగపిల్లలున్న ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. పాఠకులైన తల్లులారా, ఆ ఇంటి పనిని మీరే ఊహించుకోండి. కుళాయి లేదు, గ్యాసుపొయ్యి లేదు, మందుల దుకాణం లేదు. బావినుండి నీళ్ళు తోడాలి, రోట్లో దంచాలి, విసురుకోవాలి, పిడకల పొగలో వండాలి. మశూచి, కలరా ఊరిమీద పడినప్పుడు బిడ్డలను పొదుపుకొని కూర్చోవాలి. అంతటి చాకిరీలో కూడా ఆ తల్లి బిడ్డలకు తిండీ బట్టా మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు. వారికి దైవభయం నేర్పింది, ప్రార్థన నేర్పింది. ఆ ఇంటినుండి శ్రీసభకు గురువులు లభించారంటే దాని వెనుక ఎన్ని సంవత్సరాల జపమాలలు ఉన్నాయో మనం గ్రహించవచ్చు.

కొడుకును గురుత్వానికి ఇవ్వడం అన్నది నేడు మనకు గౌరవంగా కనిపిస్తుంది. గురుపట్టాభిషేకానికి ఊరంతా పందిళ్ళు వేసి, బాజాలు పెట్టి, తల్లిదండ్రులకు పూలమాలలు వేస్తాం. కాని ఆ నాటి తల్లికి అది అక్షరాలా త్యాగం. పింఛను లేని రోజులు, బ్యాంకు లేని రోజులు. ముసలితనానికి కొడుకులే చేతికర్ర. అటువంటి చేతికర్రను దేవుని చేతిలో పెట్టి, నీవే నన్ను నడిపించు అని నిలబడటానికి ఎంత గుండె ధైర్యం కావాలి! సువిశేషంలో తన దగ్గరున్న రెండు కాసులనూ కానుకపెట్టెలో వేసిన పేద విధవరాలిని ప్రభువు ఎందుకు మెచ్చుకున్నాడో ఇటువంటి తల్లులను చూసినప్పుడు మనకు బాగా అర్థమవుతుంది. ఆమె మిగిలినదాంట్లోనుండి ఇవ్వలేదు, బ్రతుకుతెరువునే ఇచ్చింది.

బొట్టు చెరిగిన తర్వాత

నడివయసులోనే జ్ఞానమ్మగారికి వైధవ్యం ప్రాప్తించింది. ఆ రోజుల్లో విధవరాలి బ్రతుకు ఎలా ఉండేదో ఒక్కసారి గుర్తుచేసుకోండి. విధవా పునర్వివాహాన్ని చట్టం అంగీకరించినది 1856లో. తెలుగునాట కందుకూరి వీరేశలింగంగారు మొదటి విధవా వివాహం జరిపించగలిగింది 1881లో. చట్టానికీ ఆచరణకూ మధ్య అన్ని సంవత్సరాలు పట్టింది. శుభకార్యానికి ఆమె ఎదురు రాకూడదు. నలుగురిలో కూర్చోకూడదు. ఇంట్లో ఒక మూల, ఇంత ముద్ద, అంతే. జ్ఞానస్నానం పొందిన కుటుంబాలు కూడా ఈ విషయంలో చుట్టుప్రక్కల సమాజంకన్నా భిన్నంగా ప్రవర్తించాయని గట్టిగా చెప్పుకోలేము. మనస్సుల్లోని పాత మైల అంత త్వరగా పోయేది కాదు.

అటువంటి కాలంలో ఒక విధవరాలి ముందు రెండే దారులు కనబడతాయి. ఒకటి, తన దుఃఖాన్ని తానే త్రాగుతూ మూల కూర్చోవడం. రెండవది, కొడుకుల ఇళ్ళలో ఒకరి తర్వాత ఒకరి దగ్గర కాలం వెళ్ళదీయడం. జ్ఞానమ్మగారు మూడవ దారి తొక్కింది. తన ఇంట్లో ఖాళీ అయిన చోటును ఇతరుల బిడ్డలతో నింపుకుంది.

కీళచ్చేరిలో ఆడపిల్లల బడి

ఆమె సేవాజీవితం కీళచ్చేరిలో వికసించింది. కీళచ్చేరి నేటి తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. చుట్టూ తమిళం మాట్లాడే ప్రాంతమే అయినా, తెలుగు కతోలిక కుటుంబాలు ఏనాడో వలస వెళ్ళి స్థిరపడిన గ్రామం అది. ఫిరంగిపురానికీ కీళచ్చేరికీ మధ్య దూరం నేడు రైలులో ఒక రాత్రి ప్రయాణం. ఆనాడు అలా కాదు. మదరాసునుండి బెజవాడదాకా రైలుమార్గం ఏర్పడింది 19వ శతాబ్దం చివరి రోజుల్లోనే. అంతకుముందు ఎడ్లబండ్లు, పడవలు, కాలినడక. పుట్టినూరికి అంత దూరంలో, తెలుగువారి మధ్యనే ఉంటూ, ఆమె చుట్టూ చూసింది. ఆమెకు కనబడింది ఆడపిల్లల అజ్ఞానం.

మగపిల్లవాడికైతే వీధిబడి ఉంది, ఉపదేశి ఉన్నాడు, సెమినరీ కూడా ఉంది. ఆడపిల్లకు ఏముంది? ఏడెనిమిదేళ్ళకే పెండ్లి మాటలు. కాపురం అంటే తెలియని వయసులో కాపురం. భర్త పోతే పన్నెండేళ్ళకే విధవరాలు. జపపుస్తకం చేతికిస్తే తలక్రిందులుగా పట్టుకొనే పరిస్థితి. తల్లికే జ్ఞానోపదేశం తెలియకపోతే ఆమె బిడ్డలకు ఏమి నేర్పుతుంది? గురువులు లేని కాలంలో విశ్వాసాన్ని కాపాడింది తల్లులేనని ముందు చెప్పుకున్నాం కదా! ఆ తల్లులే చదువు లేనివారైతే రేపటి శ్రీసభ దేనిమీద నిలబడుతుంది?

1863లో కీళచ్చేరిలో ఆమె బాలికల పాఠశాల ప్రారంభించింది. ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. పూణేలో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి పెట్టి రాళ్ళదెబ్బలు, పేడదెబ్బలు తిన్నది 1848లో. మన వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. వారిద్దరి పేర్లూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, ఉండవలసిందే. ఆ రెండు సంవత్సరాల మధ్యకాలంలో, ఏ సంస్కర్త బిరుదూ లేకుండా, ఒక తెలుగు విధవరాలు అదే పనికి పూనుకున్నదని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మన కతోలిక కుటుంబాల్లోనే ఎంతమందికి తెలుసు?

ఇక్కడ ఒక మాట ఆగి ఆలోచించాలి. చదువు చెప్పడాన్ని మనం ఉద్యోగం అనుకుంటాం. శ్రీసభ దానిని కారుణ్యక్రియల్లో ఒకటిగా లెక్కించింది. శరీర సంబంధమైన కారుణ్యక్రియలు ఏడు, ఆత్మ సంబంధమైనవి ఏడు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం ఎంత కరుణో, తెలియనివారికి తెలియజెప్పడం కూడా అంతే కరుణ. నందన కరువులో కడుపు ఆకలి చూసిన తరంవారు, కీళచ్చేరిలో మనసు ఆకలిని గుర్తుపట్టారు. రెండూ ఆకళ్ళే. రెండింటికీ వడ్డించే చేయి ఒకటే.

అన్నమ్మగారి నీడలో

ఒక్క మనిషి ఒక బడిని నడపగలదు. కాని ఆ మనిషి తర్వాత బడి ఏమవుతుంది? పని నిలవాలంటే, దానికి జీవితాన్ని ఇచ్చేవారు కావాలి. జ్ఞానమ్మగారి చుట్టూ చేరిన స్త్రీలు అలాంటివారే. ఆ చిన్న గుంపునుండి పునీత అన్నమ్మగారి పేరుమీద కన్యస్త్రీల సభ రూపుదిద్దుకుంది. ఆ కాలంలో మదరాసు ప్రాంత శ్రీసభకు ప్రధాన కాపరిగా ఉన్నవారు జాన్ ఫెన్నెల్లి మేత్రాణులు. ఆయన 1841నుండి 1868దాకా ఆ బాధ్యత వహించారు. తర్వాత స్టీఫెన్ ఫెన్నెల్లి మేత్రాణులు ఆ స్థానంలోకి వచ్చారు. గుంటూరు సీమ కూడా అప్పటికి మదరాసు క్రిందనే ఉండేది. గుంటూరు ప్రత్యేక పీఠంగా ఏర్పడింది 1940లో.

ఐరోపానుండి వచ్చిన కన్యస్త్రీలు కాకుండా, ఈ మట్టిలో పుట్టిన స్త్రీలే ఒక సభగా ఏర్పడి తమ ఊరి ఆడపిల్లలకు తామే చదువు చెప్పుకోవడం ఆనాటికి మామూలు సంగతి కాదు. అందులోనూ దానికి మూలం ఒక గృహిణి, ఒక విధవరాలు, అయిదుగురు పిల్లల తల్లి. ఫిరంగిపురం పునీత అన్నమ్మగారి సభ, మదరాసు పునీత అన్నమ్మగారి సభ, రెండూ నేటికీ ఆమెనే తమ మూలమాతగా భావిస్తున్నాయి.

పాఠకులు ఒక విషయం గమనించాలి. హైదరాబాదు, సికిందరాబాదుల్లో సెయింట్ ఆన్స్ పేరుతో మనకు బాగా తెలిసిన బడులూ కళాశాలా ఉన్నాయి. అవి ఇటలీలోని టూరిన్ నగరంలో 1834లో పుట్టిన మరొక సభకు చెందినవి. ఆ సిస్టర్లు 1871లో సికిందరాబాదు వచ్చారు. పేరు ఒకటే గాని రెండు వేర్వేరు నీటి ఊటలు. రెండు ఊటలూ అన్నమ్మగారి పేరుమీదే ఉండటం మాత్రం కాకతాళీయం కాదు. అన్నమ్మగారు దేవమాతకు తల్లి, ప్రభువుకు అమ్మమ్మ. ఒక ఇంట్లో ఆడపిల్లను పెంచి, దేవుని ప్రణాళికకు సిద్ధం చేసిన తల్లి. ఆడపిల్లల బడికి ఆమెకన్నా తగిన పాలకురాలు ఎవరుంటారు?

1874లో జ్ఞానమ్మగారు ప్రభువులో నిద్రించారు. అప్పటికి ఆమె వయస్సు సుమారు 52 ఏళ్ళు. వీరేశలింగంగారి బడి మొదలైన సంవత్సరమే ఆమె కన్నుమూసింది. ఒక దీపం ఆరేలోగా మరొక దీపం వెలిగినట్టు. మరుసటి సంవత్సరం, 1875లో, మిల్‌హిల్ సభ గురువులు ఇంగ్లాండునుండి మదరాసు మిషనుకు వచ్చారు. వారి కాలంలో గుంటూరు సీమలో విశ్వాసం ఎంతగానో వ్యాపించింది. ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయం వెలిసింది. ఆ పంటకు ముందు దుక్కి దున్నినవారిలో జ్ఞానమ్మగారు ఒకరు.

మరొక తల్లి, మరొక దేశం

సరిగ్గా అదే కాలంలో ఫ్రాన్సు దేశంలో అలెన్సోన్ అనే పట్టణంలో మరొక తల్లి జీవించింది. పేరు జెలీ మార్టిన్. లేసులు అల్లించి అమ్ముతూ, ఇల్లు నడుపుతూ తొమ్మిదిమంది బిడ్డలను కన్నది. నలుగురిని చిన్నతనంలోనే మట్టిలో పెట్టింది. మిగిలిన అయిదుగురు ఆడపిల్లలూ కన్యస్త్రీలయ్యారు. ఆఖరి బిడ్డే మన చిన్న తెరెసమ్మగారు. జెలీగారు 1877లో, అంటే జ్ఞానమ్మగారు పోయిన మూడేళ్ళకు, రొమ్ము క్యాన్సరుతో మరణించింది. 2015లో నాటి పోపు ఫ్రాన్సిస్‌గారు ఆమెనూ ఆమె భర్త లూయీగారినీ కలిపి పునీతులుగా ప్రకటించారు.

ఒకరి పేరు ఒకరు విని ఉండరు. ఒకరిది లేసుల అల్లిక, మరొకరిది ఆడపిల్లల బడి. ఒకరికి అయిదుగురు కూతుళ్ళు, మరొకరికి అయిదుగురు కొడుకులు. కాని ఇద్దరి జీవితమూ ఒకే సత్యాన్ని చాటుతోంది. పిల్లలు తమ సొత్తు కాదని, దేవుడు అప్పగించిన నిధి అని నమ్మిన తల్లులు వారు. సంసారం దేవునికి అడ్డం కాదని, దేవుడు నడిచివచ్చే దారే అదని వారు నిరూపించారు.

శ్రీసభలో ఒక వ్యక్తిని పునీతులుగా ప్రకటించడానికి నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటిది దైవసేవకులు, రెండవది పూజ్యులు, మూడవది ధన్యులు, నాలుగవది పునీతులు. 2014లో జ్ఞానమ్మగారి విషయంలో విచారణకు రోము అనుమతినిచ్చి, మొదటి మెట్టు ఎక్కించింది. ఈ దశలో ఆమె స్వరూపాన్ని పీఠంమీద ఉంచరాదు, ఆమె పేర బహిరంగంగా పండుగ చేయరాదు. అయితే మన ఇళ్ళలో, మన మనస్సుల్లో ఆమె మధ్యవర్తిత్వాన్ని కోరుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. మీ ఇంటి సమస్యను మీలాంటి తల్లికి చెప్పుకోండి.

మన ఇంటి గడపలో కరుణ

ఇదంతా విని, ఆమె గొప్పది, మనవల్ల ఏమవుతుంది అని పేజీ త్రిప్పేయకండి. ఆమె చేసిన పనులను మన ఊరిలో పెట్టి చూద్దాం.

మొదటిది, ఆడపిల్ల చదువు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది నాటి మహబూబ్‌నగర్ జిల్లా. ఆ జిల్లా ఆడవారిలో సగానికి పైగా చదువు రానివారే. పెద్దమందడి, వనపర్తి అప్పుడు ఆ జిల్లాలోవే. 2016లో వనపర్తి వేరే జిల్లా అయింది. జిల్లా పేరు మారినంతమాత్రాన ఇంట్లో అలవాటు మారదు. పదవ తరగతి కాగానే సంబంధం వచ్చింది కదా అని, వలస వెళ్తూ పిల్లను ఎవరి దగ్గర ఉంచాలి అనే భయంతో, బిడ్డ మెడలో తాళి వేయించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కాని ఆ భయానికి జవాబు పెండ్లి కాదు. ఆ బిడ్డను హాస్టలులోనో, బంధువుల ఇంట్లోనో, సంఘంలో నమ్మకమైన కుటుంబంలోనో ఉంచి చదివించడానికి తోడ్పడటమే. విచారణలో స్తోమత ఉన్న ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క ఆడపిల్ల పుస్తకాల ఖర్చు భరించినా అది జ్ఞానమ్మగారి బడికి కొనసాగింపే.

రెండవది, మన మధ్యనున్న విధవరాండ్రు. పెండ్లిలో తలంబ్రాల దగ్గరకు వారిని రానివ్వని ఆచారం మన కతోలిక ఇళ్ళలో పూర్తిగా పోయిందా? గుండెమీద చేయి వేసుకొని చెప్పండి. గుడిలో ఒకే సత్ప్రసాదాన్ని స్వీకరించి, ఇంటికి వచ్చాక కన్నతల్లినే బిడ్డ పెండ్లిలో వెనుక నిలబెడితే, ఆ సత్ప్రసాదానికి మనం ఏమి విలువ ఇచ్చినట్లు? నాయీను ఊరి విధవరాలిని చూసి ప్రభువు జాలిపడ్డాడు. ఆమెను ప్రక్కకు తప్పుకోమనలేదు. మీ ఇంట్లో ఈసారి జరిగే శుభకార్యంలో అటువంటి తల్లిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆమె చేతితో ఆశీర్వాదం ఇప్పించండి. ఇది ఖర్చులేని కారుణ్యక్రియ. కాని దీనికి ధైర్యం కావాలి.

మూడవది, ఇంట్లోని క్షమాపణ. కరుణ అంటే వీధిలోని బిచ్చగానికి రూపాయి వేయడం మాత్రమే కాదు. అది తేలిక. అదే ఇంట్లో అన్నదమ్ములు గట్టు తగాదాతో మాట్లాడుకోకుండా ఏళ్ళు గడుపుతారు. కల్లు త్రాగి వచ్చిన భర్తమీద కసితో భార్య, కసిరిన అత్తమీద కోపంతో కోడలు, వలసపోయి డబ్బు పంపని కొడుకుమీద బాధతో తల్లి. అన్యాయాలను భరించమని ఎవరూ చెప్పడం లేదు. చేయి చేసుకొనే భర్త నుండి భార్యను, పిల్లలను కాపాడటం పెద్దల బాధ్యత, సంఘం బాధ్యత. ఓపిక పట్టమని ఆమెను తిరిగి దెబ్బలకు పంపడం కరుణ అనిపించుకోదు. కాని చిన్న మాటలను పెద్దవి చేసుకొని, మనస్సులో మూటకట్టుకొని మోసే అలవాటును మాత్రం మానుకోగలం. అపరాధాలను క్షమించడం, చిరాకు పెట్టేవారిని సహించడం కూడా ఆ పద్నాలుగు కారుణ్యక్రియల్లోనే ఉన్నాయి. అవి గుడిలో చేసేవి కావు. వంటింట్లో, పొలం గట్టుమీద, ఫోనులో మాట్లాడేటప్పుడు చేసేవి.

నాలుగవది, సాయంకాల ప్రార్థన. గురువులు లేని కాలంలో ఫిరంగిపురంలాంటి ఊళ్ళను నిలబెట్టింది అదే. నేడు గురువులు ఉన్నారు, గుడి ఉంది. ఇంట్లో జపమాల చెప్పుకొనే వేళకు మాత్రం టీవీ సీరియలు, సెల్‌ఫోను అడ్డం వస్తున్నాయి. కుటుంబంలో ఒకరు ముంబయిలో, ఒకరు హైదరాబాదులో, ఒకరు ఊళ్ళో ఉన్నాసరే, రాత్రి ఎనిమిది గంటలకు ఎవరున్నచోట వారు ఒక పదిపూసలు చెప్పుకుందామని ఒప్పందం చేసుకోండి. అదే ఫోనులో కలిసి చెప్పుకుంటే ఇంకా మంచిది. అయిదు నిముషాలు పడుతుంది. అయినా చెదరిపోయిన ఇంటిని ఆ పూసలే కలిపి ఉంచుతాయి.

అయిదవది, తాతమ్మలు, అమ్మమ్మలు. తల్లిదండ్రులు వలసపోయిన ఇళ్ళలో పిల్లలను పెంచుతున్నది వీరే. అలసిపోయిన చేతులతో అన్నం వండి, బడికి పంపి, జపాలు నేర్పుతున్నది వీరే. జూలై 26న అన్నమ్మ, జ్వాకీముగార్ల పండుగ. 2021నుండి జూలై నెల నాలుగవ ఆదివారాన్ని తాతలు, అమ్మమ్మలు, వృద్ధుల కొరకు ప్రపంచ దినంగా శ్రీసభ జరుపుతోంది. ఆ రోజు మీ ఇంటి పెద్దలకు ఒక కొత్త చీరో, పంచెయో పెట్టడమే కాదు, ఒక పూట ఇంటి పని వారి చేతినుండి తీసుకోండి.

చివరగా ఒక ప్రశ్న

ప్రియ పాఠకులారా, జ్ఞానమ్మగారి జీవితంలో మహాద్భుతాలు మీకు కనబడలేదు. గాలిలో తేలలేదు, గాయాల గుర్తులు పొందలేదు, రాజుల ముందు నిలబడి సాక్ష్యం చెప్పలేదు. కరువు వచ్చింది, పెండ్లి జరిగింది, పిల్లలు పుట్టారు, భర్త పోయాడు. ఇవన్నీ మీ ఇంట్లోనూ జరుగుతున్నవే. తేడా ఒక్కటే. తన ఇంటి తలుపు మూసుకొని తన కన్నీళ్ళు తుడుచుకుంటూ కూర్చోవడానికి బదులు, అదే తలుపు తెరిచి ప్రక్కింటి ఆడపిల్లను లోపలికి పిలిచి పలక చేతికిచ్చింది. ఆ పలకమీద దిద్దిన అక్షరాలే ఒక సభ అయ్యాయి, ఎన్నో బడులయ్యాయి, వేలాది ఆడపిల్లల బ్రతుకులయ్యాయి.

మీ తలుపు ప్రక్కన ఎవరున్నారు? బడి మానేసిన పిల్లా, ఒంటరి విధవరాలా, మాట్లాడి ఎన్నాళ్ళో అయిన తోడబుట్టినవాడా? వచ్చే ఆదివారం దివ్యబలిపూజకు వెళ్ళేలోగా ఆ ఒక్క గడప తొక్కండి. అన్నమ్మగారు, దేవమాత మీ కుటుంబాలకొరకు ప్రార్థింతురుగాక. ప్రభువు కృప మీ ఇళ్ళలో నిలిచియుండునుగాక.